పదకొండు చుక్కలు

ఫోన్ మీద అద్దం అతికించేటప్పుడు ఆ అమ్మాయి ఊపిరి బిగబడుతుంది. ముందు తడి కాగితంతో తుడవాలి, తర్వాత పొడి కాగితంతో. ఎక్కడో ఒక్క దుమ్ము రేణువు మిగిలినా అద్దం కింద బుడగ లేస్తుంది. "రెండు రోజుల్లో అదే పోతుందండీ" అని చెప్పమంటాడు ఓనరు. పోదని ఆమెకు తెలుసు. అయినా చెబుతుంది. చెప్పి తల దించుకుని తర్వాతి ఫోన్ అందుకుంటుంది.

ఏడేళ్ళుగా అదే కౌంటరు, అదే ఎత్తు స్టూలు. పదో తరగతి పరీక్షలు ఇంకా మూడు నెలలు ఉన్నాయనగా అమ్మ మంచం పట్టింది. అమ్మ పోయాక పిన్ని ఇంటికి చేరింది. మళ్ళీ బడి మాట పిన్ని ఎత్తలేదు, ఆమె అసలే ఎత్తలేదు. వీధిలో అందరికీ ఆమె అద్దాలమ్మాయి. ఫోన్లు తెరిచి పాస్‌వర్డులతో సహా ఆమె చేతిలో పెట్టేవాళ్ళలో ఒక్కరికీ ఆమె పేరు తెలియదు.

"నీ నోట్లో నాలుక ఉందో లేదో ఒకసారి డాక్టరుకు చూపించాలే" అంటుంది పిన్ని. మనుషుల కళ్ళలోకి చూడలేదు కానీ, వాళ్ళ ఫోన్లు చూసి చాలా సంగతులు చెప్పగలదు ఆ అమ్మాయి. మూల పగిలిందంటే కోపంలో మంచం మీదికి విసిరి గోడకు తగిలించినవాళ్ళు. మధ్యలో సన్నగా గీత పడితే తాళంచెవులతో కలిపి సంచిలో వేసుకునేవాళ్ళు. కొత్త ఫోన్ కొన్నప్పుడు అందరూ ముందు అడిగేది కెమెరా గురించి. ఆరు నెలలకు వచ్చి అడిగేది చార్జింగు గురించి. ఏడాదికి వచ్చి, "ఇందులో మా అమ్మ గొంతు రికార్డయి ఉంది, అది మాత్రం పోకుండా చూడమ్మా" అంటారు. ఉన్నదాన్ని కొత్త ఫోన్‌లోకి మార్చి ఇవ్వడం ఆమెకు వచ్చు. పోయినదాన్ని తెచ్చి ఇవ్వడం రాదు. ఆ మాట చెప్పాల్సి వచ్చినప్పుడల్లా లోపలి గదిలోకి వెళ్ళి ఓనరును పిలుచుకొస్తుంది.

అలా కౌంటరు దగ్గరే పరిచయమయ్యాడు గొలుసు తాతయ్య. సర్వేయరుగా ముప్ఫై నాలుగేళ్ళు భూములు కొలిచి రిటైరయినవాడు. ఆ రోజుల్లో కొలత గొలుసు భుజాన వేసుకుని తిరిగేవాడని ఆ పేరు. పగిలిన అద్దంతో వచ్చాడు. చొక్కా జేబు వదులు, వంగినప్పుడల్లా ఫోన్ నేల మీద పడుతుంది.

"జేబుకు గుండీ పెట్టించుకోండి తాతయ్యా" అంది, చాలా సేపు ఆలోచించి.

"జేబుకు గుండీ ఎందుకు తల్లీ, ఫోన్‌కే తాడు కట్టి మెళ్ళో వేస్తే పోలా, ఆవుకు గంట కట్టినట్టు" అన్నాడాయన. ఆమె నవ్వు ఆపుకోలేక తల తిప్పుకుంది. "ఆదివారం షాపు సెలవేగా. మేం కొంతమందిమి పొద్దున్నే గుట్ట ఎక్కుతాం. నువ్వూ రా. అక్కడ ఎవరూ ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. అంతా ఆయాసంతో ఉంటారు."

మాట్లాడక్కర్లేదన్న మాటకే వెళ్ళింది. వెళ్ళాక మానలేకపోయింది. పొద్దున ఆరింటికి గుట్ట మొదట్లో తడి గడ్డి వాసన, కాళ్ళ కింద రాళ్ళు కదిలే చప్పుడు, పైకి వెళ్ళేకొద్దీ చిన్నవైపోయే ఇళ్ళు. వారమంతా అరచేయంత అద్దాన్ని చూసిన కళ్ళకు అంత దూరం చూడటం మొదట్లో నొప్పిగా కూడా ఉండేది.

మందుల షాపాయన, టైలరమ్మ, లెక్కల టీచరు, ఇంకా కొందరు, అందరూ కలిపి పదకొండుమంది. వాళ్ళను నడిపించేది తాతయ్యే. అయితే ఎప్పుడూ ముందుండేవాడు కాదు, అందరికంటే వెనక నడిచేవాడు. మెళ్ళో ఒక ఇనప విజిలు. గుట్ట మొదట్లో ఎండిపోయిన వాగు ఉంది, అందులో తెల్లటి నున్నని గులకరాళ్ళు. ఎక్కేముందు ప్రతి మనిషీ ఒక రాయి తీసి జేబులో వేసుకోవాలి. దిగేటప్పుడు సగం దారిలో పలక బండ అని ఒక వెడల్పాటి రాయి వస్తుంది. తాతయ్య టోపీ తీసి ఆ బండ మీద వెల్లకిలా పెడతాడు. ఒక్కొక్కరూ తమ రాయి అందులో వెయ్యాలి. పదకొండు రాళ్ళు పడేదాకా ఎవరూ కిందకు దిగడానికి లేదు. భూమి కొలిచే రోజుల్లో గొలుసు పరిచిన ప్రతిసారీ ఒక గుర్తు పుల్ల గుచ్చేవాళ్ళట, ఆ అలవాటే ఇదీ. "దారి తప్పితే ఎవరూ వెతుక్కుంటూ తిరగొద్దు. లెక్క పెట్టే చోటికి వచ్చి కూర్చోండి. లెక్క తేలకుండా నేను కదలను" అనేవాడు.

ఈ రాళ్ళ వ్యవహారం మందుల షాపాయనకు మొదటినుంచీ గిట్టేది కాదు. ఆయన చేతికి గడియారంలాంటిది ఒకటి ఉంటుంది. ఎన్ని అడుగులు వేశాడో, గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో అది చెబుతుంటే ఆయన మనకు చెబుతుంటాడు. ఒక ఆదివారం పలక బండ దగ్గర నిలబడి విసుక్కున్నాడు.

"ఇదేం లెక్కండీ బాబూ, గోలీలాటలాగా. అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. ఒక యాప్ వేసుకుంటే ఎవరెక్కడున్నారో చుక్కలుగా కనిపిస్తుంది. అద్దాలమ్మాయి ఐదు నిమిషాల్లో వేసిస్తుంది. ఏమ్మా?"

అందరూ ఆమె వైపు తిరిగారు. అలా పదిమంది ఒక్కసారి చూస్తే ఆమెకు అవుననడం తప్ప ఇంకేదీ తోచదు. తలూపింది.

"అయింది. దారి ఫోనే చూపిస్తుంది, ఫోన్ సంగతి ఈ అమ్మాయికి తెలుసు. ఇకనుంచి మన లీడరు ఈ అమ్మాయే" అన్నాడాయన. నలుగురు నవ్వారు, ఇద్దరు చప్పట్లు కొట్టారు. తాతయ్య అందరికంటే గట్టిగా కొట్టాడు. తర్వాత విజిలు మెళ్ళోంచి తీసి ఆమె చేతిలో పెట్టాడు. దాన్నేం చెయ్యాలో తెలియక షాపులో పాత చార్జర్లుండే సొరుగులో వేసింది.

లీడరు అంటే గట్టిగా మాట్లాడేవాళ్ళని ఆమె అనుకునేది. కాదని అప్పుడు అర్థమైంది. గట్టిగా మాట్లాడేవాళ్ళు, వద్దనలేని మనిషిని చూసి ఆ పని మెడకు చుడతారు. షాపులోనూ అంతే. ఓనరు బయటికి వెళ్తూ "నేను వచ్చేదాకా నువ్వే ఇన్‌చార్జి" అంటాడు. అంటే, ఎవరైనా అరవాలనుకుంటే ఆమె మీద అరవొచ్చని.

ఆదివారాలు మారిపోయాయి. చూపు దూరాన్ని వదిలి మళ్ళీ అరచేతిలోకి వచ్చింది. పసుపు చుక్కలు పదకొండు. ఒకటి వెనకబడితే గుండె కొట్టుకునేది, కలిస్తే కుదుటపడేది. యాప్ చూపించిన అడ్డదారిలో దిగడం మొదలుపెట్టారు. ఆ దారి పలక బండను తాకదు. అరగంట కలిసొచ్చిందని మందుల షాపాయన వారం వారం చెప్పేవాడు. ఇంకో సంగతి ఆమె ఒక్కతే చూసింది. గుట్ట మొదట్లో బూట్ల తాళ్ళు కట్టుకునే నెపంతో తాతయ్య వాగులోకి వంగి ఒక తెల్ల రాయి తీసి జేబులో వేసుకుంటున్నాడు. చూసి కూడా చూడనట్టు పక్కకు తిరిగింది.

ఆ ఆదివారం తాతయ్య మోకాలు బాగా లేదు. పైకి ఎక్కేసరికి కాలు ఈడుస్తున్నాడు. వంగినప్పుడు ఫోన్ రెండుసార్లు జారిపడింది.

"ఇటివ్వండి బాబాయ్, నా సంచిలో పడేస్తా. దానికి జిప్పుంది" అని టైలరమ్మ ఫోన్‌తో పాటు ఆయన నీళ్ళ సీసా కూడా తీసుకుంది. పైన అందరూ ఫోటోలు తీసుకుంటుంటే ఆయన లేచాడు.

"నా నడకతో మీకు ఆలస్యం అవుతుంది. నేను ముందు బయల్దేరతా. బండ దగ్గర కలుద్దాం" అని టైలరమ్మతోనే చెప్పాడు. టైలరమ్మ చెవుల్లో పాటలు పెట్టుకుని ఉంది. పాటకు ఊపినట్టే ఆయన మాటకూ తలూపింది. ఇదంతా తర్వాత ఒకరికొకరు చెప్పుకుంటే తెలిసిన సంగతి. ఆయన మాత్రం మోకాలి నొప్పిలో, తెలియకుండానే, ఏళ్ళ తరబడి నడిచిన పాత దారి పట్టాడు.

మిగతావాళ్ళు అడ్డదారిలో దిగారు. కింద మందుల షాపాయన వ్యాను, రెండు స్కూటర్లు. స్కూటర్లు అప్పుడే స్టార్టు చేశారు.

"లీడరమ్మా, లెక్క" అన్నాడు మందుల షాపాయన తాళంచెవి తిప్పుతూ.

ఫోన్ చూసింది. పదకొండు చుక్కలూ ఒకదాని మీద ఒకటి కుప్పగా అక్కడే ఉన్నాయి. "అందరూ ఉన్నారండీ" అంది.

వ్యాను కదిలాక చూసింది ఆమె. ముందు సీటులో, తాతయ్య కూర్చునే చోట లెక్కల టీచరు కూర్చుని ఉన్నాడు. స్కూటరు మీద వెళ్ళాడేమో అనుకుంది. కానీ తాతయ్య స్కూటరు ఎక్కడు, కాలు మడవలేడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తాతయ్య ఏరీ అన్న రెండు మాటలు గొంతుదాకా వచ్చాయి. వ్యానులో అందరూ ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు. ఆ నవ్వు మధ్యలో దూరి అడగాలి. అడిగితే, "చేతిలో ఫోన్ పెట్టుకుని మమ్మల్నడుగుతావేంటి?" అంటారు. ఇంకోసారి ఫోన్ చూసుకుంది. ఆయన చుక్క సరిగ్గా వ్యానులోనే ఉంది. మలుపు తిరిగినా, వంతెన దాటినా, తమతోనే వస్తోంది. చుక్క ఉంది కదా అని తనకు తనే చెప్పుకుంది.

పదకొండింటికి టైలరమ్మ సంచిలో అలారం మోగింది.

అది ఎవరిదో ఆమెకు ఒక్క క్షణంలో తెలిసిపోయింది, ఎందుకంటే పెట్టింది ఆమే. తాతయ్య బీపీ మాత్ర కోసం, కోడి కూత ఉన్న అలారం కావాలని ఏరికోరి పెట్టించుకున్నాడు. జిప్పు సంచిలో కోడి కూస్తూనే ఉంది. నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

"బాబాయ్ స్కూటరు మీద రాలేదా?" అంది టైలరమ్మ.

మందుల షాపాయన బ్రేకు తొక్కాడు.

తిరిగి గుట్ట దగ్గరకు వచ్చేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఫోన్ చేసి స్కూటర్ల వాళ్ళనూ వెనక్కి పిలిచారు. ఇక మొదలైంది.

"చుక్క చూపించింది కదయ్యా. చుక్కది తప్పు గానీ మనది తప్పేంటి?"

"మీ సంచిలో పెట్టుకున్నప్పుడు చెప్పొద్దా మీరు?"

"నేను చెప్పేదేంటి, లీడరు చూసుకోవాలి. లెక్కేసింది ఎవరు?"

"ముందు ఎటు వెతకాలో తేల్చండి. అడ్డదారిలోనే ఎక్కడో పడిపోయుంటాడు."

"పలక బండ దగ్గర ఉంటారు" అంది ఆమె.

ఎవరూ వినలేదు. మళ్ళీ అంది. తన గొంతు తనకే సరిగా వినబడలేదు. మందుల షాపాయన యాప్‌లో తాము దిగిన గీతను వేలితో పెద్దది చేసి చూపిస్తూ, ఎవరు ఎక్కడినుంచి వెతకాలో పంచుతున్నాడు. ఆ విజిలు ఉంటే ఊదేది. సొరుగులో, పాత చార్జర్ల కింద ఉంది. లీడరు మనుషుల్ని వదిలి వెళ్ళకూడదు, ఆ ముక్క తాతయ్యే చెప్పాడు. కానీ ఇక్కడ ఎవరు ఎవర్ని వదిలినట్టు? చివరికి, ఎవరికీ చెప్పకుండా, పాత దారిలో నడవడం మొదలుపెట్టింది. కొంత దూరం పోయాక నడక పరుగైంది.

తాతయ్య పలక బండ మీద కూర్చుని ఉన్నాడు. టోపీ ముందు పెట్టుకున్నాడు. మొహం కందిపోయింది, పెదాలు ఎండిపోయాయి. ఎడమ మోకాలు ప్యాంటులోంచి తెలిసేలా వాచింది. ఆమెను చూడగానే లేవబోయి, లేవలేక, చెయ్యి ఊపాడు.

"వచ్చావా తల్లీ. బతికించావు." గొంతు పూర్తిగా పోయి గాలి మాత్రమే వస్తోంది. "ఎవరికేమైంది? మిగతావాళ్ళేరి?"

ఆమెకు ముందు అర్థం కాలేదు.

"అరిచి అరిచి గొంతు పోయింది. ఒకసారి మళ్ళీ పైదాకా వెళ్ళొచ్చాను. ఒక్కరూ కనబడలేదు. ఎవరైనా జారిపడ్డారేమో, అందరూ అక్కడ చిక్కుకుపోయారేమోనని... నేను కిందకు పోయి మనుషుల్ని తీసుకురావచ్చు, కానీ ఈలోగా మీలో ఎవరైనా ఇక్కడికొస్తే?"

అప్పుడు టోపీలోకి చూసింది. అందులో ఒక్క తెల్ల రాయి ఉంది. ఆయనదే.

ఇంతసేపూ తప్పిపోయింది తాను కాదు, మిగతావాళ్ళందరూ అనుకున్నాడాయన. పదిమంది కోసం, ఆ మోకాలితో, నీళ్ళు లేకుండా, ఎండలో కాపలా కూర్చున్నాడు.

"అందరూ బాగానే ఉన్నారు తాతయ్యా" అంది తన నీళ్ళ సీసా మూత తీస్తూ. "కింద ఉన్నారు."

"కిందా?" ఆయన సీసా అందుకున్నాడు గానీ తాగలేదు. "లెక్క కాకుండా కిందకెలా వెళ్ళారు?"

"లెక్క అయింది."

"ఎవరు పెట్టారు?"

"నేనే."

"ఎంతొచ్చింది?"

అబద్ధం చెబుదామనుకుంది. నోటికి రాలేదు. నిజం కూడా సగమే వచ్చింది. "పదకొండు."

ఆయన చాలాసేపు టోపీలోని రాయినే చూశాడు. కొలతలో ఎక్కడో తేడా వస్తే గొలుసు మళ్ళీ మొదటినుంచీ పరిచే మనిషిలా, పెదాలు కదుపుతూ ఏదో లెక్క వేసుకున్నాడు. తర్వాత తలూపాడు.

"పదకొండా. అయితే సరిపోయింది" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. ఆమె కింద వెతికి, చేతికి దొరికిన రాయి ఒకటి తీసి టోపీలో వేసింది. నల్లటి పెళుసు రాయి. బండ చుట్టూ ఉండేవి అవే. తెల్లటివి కింద వాగులోనే ఉంటాయి. ఆయన ఆ నల్ల రాయిని చూశాడు, ఆమెను చూడలేదు. రెంటినీ ఒకే వైపుకు పారబోసి టోపీ దులిపి పెట్టుకున్నాడు. ఆమె పరుగు చూసి వెంటబడిన లెక్కల టీచరు రొప్పుతూ వచ్చేసరికి ఇద్దరూ చెరో దిక్కు చూస్తూ కూర్చున్నారు. చెరో భుజం పట్టి కిందకు దించడానికి గంట పట్టింది.

కింద అందరూ చుట్టూ చేరారు. టైలరమ్మ ఏడ్చింది. మందుల షాపాయన స్వయంగా మాత్ర వేసి, చెయ్యి పట్టుకుని నాడి చూశాడు. తాతయ్యను ఇంటికి దింపాక మందుల షాపాయనే అన్నాడు: "ఫోన్ అయితే ఒకళ్ళది ఇంకొకళ్ళ దగ్గరకు పోతుంది. అందరం గడియారాలే కొనాలి. చేతికుంటే ఎక్కడికి పోతుంది?" అందరూ అదే మంచిదన్నారు. ఎన్ని కావాలో షాపులో కనుక్కోమని ఆమెకు చెప్పారు. తలూపింది.

బుధవారం తాతయ్య కర్ర పట్టుకుని షాపుకు వచ్చాడు. ఫోన్ కౌంటరు మీద పెట్టాడు.

"ఇందులోంచి నన్ను తీసెయ్ తల్లీ."

"తాతయ్యా, ఆ రోజు వ్యానులో నాకు..." అంది. ముందు సీటు సంగతి చెప్పాలనుకుంది. చూశానని, తెలిసిందని, అడగలేకపోయానని. మూడు రాత్రులుగా ఆ మాటలే వరసగా పేర్చుకుంటోంది. తీరా ఆయన ఎదురుగా నిలబడితే ఒక్కటీ వరసలో రాలేదు.

"డాక్టరు గుట్టలు ఎక్కొద్దన్నాడు. ఎక్కనివాడికి చుక్కెందుకు?" అన్నాడాయన మామూలుగానే. "అద్దం మూల లేచింది, అదీ చూడు."

ఆయన చుక్కను తీసేసింది. కొత్త అద్దం అతికించింది. మూలన చిన్న బుడగ మిగిలింది. అది పోతుందని ఆయనకు చెప్పలేదు, ఆయన అడగలేదు.

తర్వాతి ఆదివారం మానేద్దామనుకుంది. "లీడరువి, నువ్వు పోకపోతే ఎలా?" అంది పిన్ని, ఇంట్లో ఒకరికి హోదా వచ్చినందుకు సంబరపడుతూ. వెళ్ళింది. గుట్ట మొదట్లో పదిమంది. రాళ్ళు తీసుకుందాం అని చెప్పాలని వారమంతా అనుకుంది. మందుల షాపాయన కొత్త గడియారం ఎలా పనిచేస్తుందో చెబుతున్నాడు, అందరూ చుట్టూ మూగి వింటున్నారు. ఆమె వాగులోకి వంగింది, బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నట్టు. పదిమందికి పది తెల్ల రాళ్ళు తానే ఏరి జేబులో వేసుకుంది.

"లీడరమ్మా, ముందుకు రా" అని పైనుంచి కేకేశారు.

"వస్తున్నానండీ" అని అందరికంటే వెనక నడిచింది.

దిగాక వ్యాను పక్కన నిలబడి, కంటికి కనబడిన ఒక్కో మొహానికి ఒక్కో రాయి జేబులోంచి కింద వదిలింది. ఎవరూ గమనించలేదు. తొమ్మిది వదిలేసరికి స్కూటర్లు బయల్దేరి మలుపు తిరిగిపోయాయి. వ్యాను హారను కొట్టింది. ఎవరిని చూశానో, ఎవరిని చూడలేదో ఆ తొందరలో తెలియలేదు. తనను తాను లెక్కపెట్టుకున్నానా అన్నది కూడా తెలియలేదు. ఆపమని అనలేకపోయింది. ఎక్కి కూర్చుంది.

సోమవారం కౌంటరు మీద, అద్దాల పెట్టె పక్కన, ఆ మిగిలిన ఒక్క రాయి ఉంది. ఫోన్‌లో పది చుక్కలూ ఎవరిళ్ళల్లో వాళ్ళవి కదలకుండా ఉన్నాయి. అయినా గంటకొకసారి చూస్తోంది.

"ఏంటమ్మా అది?" అన్నాడు ఓనరు లోపలికి వస్తూ.

"ఏం లేదండీ" అంది. రాయిని తీసి, సొరుగు తెరిచి, విజిలు పక్కన పెట్టింది. బయట ఎవరో ఫోన్ చాపుతున్నారు. తడి కాగితం అందుకుంది.